పద్నాలుగు ఖాళీ పంపులు

మా అక్క పోయిన పదకొండో నాడు ఆమె ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత చీరల అడుగున ఒక గుడ్డసంచి దొరికింది. చీటీ డబ్బులేమైనా దాచుకుందేమో అనుకున్నాం. విప్పితే ఖాళీ ఇన్‌హేలర్లు. మా ఇళ్లలో వాటిని పంపులంటాం. ప్లాస్టిక్ వస్తువేదీ పారేయడానికి ఆమెకు చెయ్యి వచ్చేది కాదు. వాటిని నేల మీద వరసగా పేర్చి లెక్కపెట్టాను. పద్నాలుగు. రేకు గొట్టాల మీద చీమతలంత అక్షరాల్లో ఉన్న తయారీ తేదీలు చూస్తే అన్నీ ఏడాది లోపువే.

ఆ పంపు ఒక్కోదాంట్లో 200 పఫ్‌లుంటాయి. పద్నాలుగు పంపులంటే 2800. ఒక్కోసారి రెండేసి చొప్పున పీల్చుకుందనుకున్నా వారానికి పాతికసార్లకు పైనే. వారానికి రెండుసార్లకు మించి ఈ పంపు అవసరమైందంటే ఉబ్బసం అదుపులో లేనట్టేనని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఏడాదికి మూడు పంపులు ఖాళీ చేసినవాళ్లకే జబ్బు పెద్దగా తిరగబెట్టే ప్రమాదం ఉందని, నెలకొకటి ఖాళీ చేస్తున్నవాళ్లకు చావు ముప్పు బాగా పెరుగుతుందని గినా అనే ప్రపంచ ఆస్తమా నిపుణుల బృందం చెప్తోంది. మా అక్క పద్నాలుగు ఖాళీ చేసింది. ఒక్కరూ లెక్కపెట్టలేదు. నేను బళ్లో లెక్కల మాస్టర్ని, నేనూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టిన రోజుకి ఆమె లేదు.

ఆమెకు నలభై ఏడేళ్లు. గుంటూరు పక్క పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచీ మిరపకాయలతోనే పని. కోతల్లో చేను, తర్వాత కల్లం, ఆ తర్వాత తొడిమలు తీసే షెడ్డు. అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్లంతా ముక్కుకి కొంగు చుట్టుకుని కూర్చుంటారు. దుమ్ము ఆగడానికి వాళ్లకున్నది ఆ కొంగొక్కటే. ఆ షెడ్డులోకి అడుగు పెట్టిన కొత్తవాళ్లు రెండు నిమిషాల్లో తుమ్ముకుంటూ బయటికొస్తారు. యజమాని కూడా బయట వేపచెట్టు కిందే కుర్చీ వేసుకుంటాడు. అంటే లోపల గాలి ఎలాంటిదో ఆయనకు తెలుసు. తెలిసీ ఒక్క ఫ్యాను పెట్టించలేదు, గోడకు ఒక్క కిటికీ కొట్టించలేదు.

ఫిబ్రవరిలో పోయింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "అన్నం... తిన్నావా... రా" అని మూడు ముక్కలుగా అడిగింది. ఒక్క వాక్యం ఒక్క ఊపిరిలో పూర్తిచేయలేకపోతే అది ప్రాణం మీదికి వచ్చినట్టని నాకు తెలీదు. "ఏమైందక్కా, అలా ఉన్నావ్?" అంటే "ఏం లేదురా... ఆయాసం... అంతే" అంది. పొద్దున్నే వస్తాలే, పడుకో అన్నాను. పడుకుంటే ఊపిరాడని మనిషికి పడుకోమని చెప్పాను.

రాత్రి రెండింటికి బావ ఆటో మాట్లాడాడు. ఆటోలో ఆమె పక్కన కూర్చుని నాకు ఫోన్‌లో చెప్తున్నాడు, ఇదిగో బైపాస్ దాకా వచ్చాం అని. కాసేపటికి "పిల్లికూతలు ఆగాయిరా, తగ్గినట్టుంది" అన్నాడు. నేను అమ్మయ్య అనుకున్నాను. ఛాతీలో కూత వినపడాలంటే లోపల కొంతైనా గాలి ఆడాలి. గాలి అసలు కదలనప్పుడు కూత ఉండదు. డాక్టర్లు భయపడే నిశ్శబ్దం అది. మేమిద్దరం ఆ నిశ్శబ్దం విని సంతోషించాం. ఆస్పత్రి మెట్ల దగ్గర దించేసరికి అయిపోయింది. పదిహేనో పంపు ఆమె పిడికిట్లోనే ఉంది. ఊపితే లోపల ఇంకా మందున్న చప్పుడు వచ్చింది.

ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితంలో గుండె, ఊపిరి ఆగి చనిపోయినట్టు రాశారు. చచ్చిపోయిన ఎవరికైనా ఆగేవి ఆ రెండే కదా. ఉబ్బసం అన్న మాట ఆ కాగితంలో లేదు. ముప్పై ఏళ్లు ఆమె ఛాతీ మీద కూర్చున్న జబ్బు పేరు ఆమె చావు కాగితంలోకి కూడా ఎక్కలేదు. ఇంక ఏ సర్కారు లెక్కలోకి ఎక్కుతుంది?

కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. జబ్బు దగ్గరే మొదలుపెడతాను.

ఉబ్బసం అంటే ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ వాచి ఉండటం. ఆయాసం లేని రోజున కూడా ఆ వాపు ఉంటుంది. ఆ వాచిన గొట్టానికి దుమ్మో, పొగో, జలుబో, చలిగాలో తగిలితే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుపోతుంది. అందరి చేతుల్లో కనపడే సాల్బుటమాల్ పంపు ఆ బిగుసుకున్న కండరాన్ని కొన్ని గంటలపాటు వదులు చేస్తుంది. వాపు జోలికి పోదు. వాపు తగ్గించేది వేరే మందు, పీల్చే స్టెరాయిడ్. అది రోజూ పీల్చాలి, ఆయాసం ఉన్నా లేకపోయినా. ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. సాల్బుటమాల్ 1969లో మార్కెట్లోకి వచ్చింది. పీల్చే స్టెరాయిడ్ పంపు 1972లో వచ్చింది. మా అక్క పుట్టకముందే ఆమెను బతికించే మందు పుట్టింది. మన దేశంలోనే తయారవుతోంది, ఇక్కణ్నుంచి ఎన్నో దేశాలకు ఓడలెక్కి వెళ్తోంది. మా ఊరికి మాత్రం రాలేదు.

2019 నుంచీ గినా వాళ్లు ఇంకో మెట్టెక్కి, పెద్దవాళ్లెవరికీ సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి పంపొద్దని ఖరాఖండిగా చెప్పేశారు. బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన పంపు ఉంటుంది. అది ఆయాసాన్నీ తీరుస్తుంది, వాపునూ తగ్గిస్తుంది. ఆ మందు 2022 నాటి మన జాతీయ నిత్యావసర మందుల జాబితాలో ఉంది. ఇన్నేళ్లలో ఆ మాట మా అక్క చెవిన వేసే మనిషి ఒక్కడు తగల్లేదు.

తగిలినవాళ్లెవరో చెప్తాను. మెడికల్ షాపతను. పన్నెండేళ్లుగా తెలుసు, మా అక్కని అక్కా అనే పిలుస్తాడు. ఆమె మెట్ల దగ్గరికి రాగానే అడక్కుండానే పంపు తీసి బల్ల మీద పెట్టేవాడు. చీటీ అడగలేదు. "అక్కా, పోయిన నెలేగా తీసుకెళ్లావు, అప్పుడే అయిపోయిందా?" అన్న ఒక్క ప్రశ్న అతని నోట్లోంచి వచ్చి ఉంటే ఆమె ఇవాళ బతికుండేదేమో. అతను దుర్మార్గుడు కాదు. శవం దగ్గరికొచ్చి ఏడ్చాడు. ఏడుపు ఎవరిక్కావాలి?

ఊరి ఆర్ఎంపీ. రొప్పుతూ వెళ్తే డెరిఫిలిన్ ఒకటి, డెక్సామెథాసోన్ ఒకటి కలిపి సూదిమందు. పది నిమిషాల్లో హాయి. ఆ హాయికే ఆమె అతన్ని దేవుడంది. డెక్సామెథాసోన్ స్టెరాయిడే. మిల్లీగ్రాముల లెక్కన నెత్తుట్లో కలిసి ఒళ్లంతా తిరిగే స్టెరాయిడ్. "పంపులో స్టెరాయిడ్ ఉంటదమ్మా, ఎముకలు గుల్లవుతాయి, అలవాటు పడకు" అని చెప్పింది మళ్లీ అతనే. పంపులో ఉండేది మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్క, అదీ నేరుగా ఊపిరి గొట్టాల్లోకి. పీల్చాక నోరు పుక్కిలిస్తే గొంతు పూత ముప్పు కూడా తగ్గుతుంది. ఏళ్ల తరబడి పెద్ద మోతాదు వాడేవాళ్లకు ఎముకల సంగతి డాక్టరు చూసుకోవాల్సిందే. కాదనను. కానీ ఊపిరాడని మనిషిని ఎముకల పేరు చెప్పి బెదిరిస్తారా?

ఒకసారి పట్నంలో పేరున్న ఆస్పత్రికి తీసుకెళ్లాను. మూడు గంటలు బయట, మూడు నిమిషాలు లోపల. డాక్టరుగారు చాలా చదువుకున్నాయన, గోడ నిండా పట్టాలు. రోజూ వాడే పంపు ఒకటి రాశారు. ఆ మాట ఒప్పుకోవాలి, రాశారు. దాన్ని ఎందుకు రోజూ వాడాలో చెప్పలేదు. ఎలా పీల్చాలో చూపించలేదు. అమ్మా, నా ముందు ఒకసారి పీల్చి చూపించు అని అడగలేదు. అడిగి ఉంటే కనపడేది. ఆమె పంపుని ఊపేది కాదు, ముందు ఊపిరి బయటికి వదిలేది కాదు, నోరు బార్లా తెరిచి సెంటు కొట్టుకున్నట్టు టకటకా రెండు నొక్కులు నొక్కి వెంటనే దగ్గేది. మందంతా నాలుక మీద. పెదవులు మూసి, నొక్కుతూనే నిదానంగా లోపలికి పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి బిగబట్టాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లకు స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు. వెయ్యి రూపాయల ఫీజులో ఆ ఐదు నిమిషాలు లేవు. నెల తిరిగేసరికి "ఇది వాడినా ఏం తేడా లేదురా" అని ఆపేసింది. తేడా ఎలా తెలుస్తుంది, మందు లోపలికి వెళ్తేగా!

ఆ డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ రాలేదు, మళ్లీ రమ్మన్న చీటీ లేదు. ఎందుకు రాలేదని ఏ పుస్తకంలోనూ టిక్కు పడలేదు. బ్యాంకు వాయిదా ఒక్కటి తప్పితే నలుగురు ఇంటికొచ్చే దేశంలో, ప్రాణం నిలిపే మందు ఆపేసిన మనిషి కోసం ఒక్కరు రారు.

ఇక మేము. బయటివాళ్లను తిట్టి నన్ను వదిలేసుకోను. పెళ్లిచూపులప్పుడు పంపు దాచిపెట్టమంది మా అమ్మ. అత్తారింట్లో ఆయాసం అనే మాట అనొద్దంది. ఆ దాచుకోవడం ఆమెకు అలవాటైపోయి ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుమ్మం వెనక్కి వెళ్లి పీల్చుకునేది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆమె మెట్లెక్కలేక ఆగితే "అక్కకి మామూలేగా" అనుకుంటూ నేను ముందుకెళ్లిపోయేవాణ్ణి. రాత్రిళ్లు మూడు దిండ్లు పేర్చుకుని గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేది. మా ఇంటికొచ్చినప్పుడు మూడో దిండు నేనే అందించాను. ఎందుకు మూడు అని అడగలేదు. మామూలే. మా ఇంట్లో ఆమెను ముందు చంపింది ఆ మాటే.

బ్రిటన్‌లో ఏం చేశారో వినండి. అక్కడ ఆస్తమాతో చనిపోయినవాళ్లలో 195 మంది చావుల్ని ఒక్కొక్కటీ తీసి పరిశీలించారు. ఎవరు చూశారు, ఏం మందిచ్చారు, ఎన్ని పంపులు రాశారు అన్నీ బయటికి లాగారు. 2014లో నివేదిక అచ్చేశారు. దాదాపు సగం చావులు ఆపగలిగినవే అని తేల్చారు. పంపుల లెక్క దొరికిన 165 మందిలో 65 మందికి చావుకు ముందు ఏడాదిలో 12కి మించి పంపులు రాసి ఉన్నాయట. ఆ అంకె చదివినప్పుడు నా ఒళ్లు చల్లబడిపోయింది. మా అక్కలాంటివాళ్లు అరవై ఐదుగురు. వాళ్ల దేశంలోనూ నిర్లక్ష్యం ఉంది. కానీ చచ్చిపోయినవాళ్ల పంపులు లెక్కపెట్టే మనసు కూడా ఉంది. మా అక్క పంపులు లెక్కపెట్టింది నేనొక్కణ్నే, ఒక ట్రంకుపెట్టె ముందు కూర్చుని.

మన దేశంలో 2019 అంచనాల ప్రకారం ఆస్తమా ఉన్నవాళ్లు మూడు కోట్లకు పైమాటే. ప్రపంచంలోని రోగుల్లో మన వాటా సుమారు 13 శాతం. చావుల్లో మన వాటా? 40 శాతం పైన. ఈ రెండు అంకెల మధ్య ఎంత అగాధం ఉందో ఎవరికైనా కనపడుతోందా? మనవాళ్ల ఊపిరితిత్తులు వేరే మట్టితో చేసినవి కావు. దేశంలో తొమ్మిది చోట్ల లక్షకు పైగా జనాన్ని అడిగి చేసిన అధ్యయనం ఒకటి, పిల్లికూతలున్నవాళ్లలో నూటికి ఎనభై మందికి అది ఆస్తమా అని ఎవరూ చెప్పనే లేదంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలో కూడా రోజూ పీల్చే స్టెరాయిడ్ వాడుతున్నది నూటికి పదిమంది లోపేనట. అంతకుముందు ఆసియా పసిఫిక్ దేశాల్లో జరిగిన సర్వేలో మనవాళ్లు 400 మందిని ప్రశ్నించారు. జబ్బు పూర్తిగా అదుపులో ఉన్నవాళ్లు వాళ్లలో ఎందరో తెలుసా? ఒక్కరూ లేరు. సున్నా. మా బళ్లో ఒక క్లాసు మొత్తానికి సున్నా వస్తే పిల్లల్ని అనరు, మాస్టర్ని పిలిచి అడుగుతారు. ఈ సున్నాకి ఎవరిని పిలిచారు?

ఏటా జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించే వేళకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గర చేపమందు కోసం వరస కడతారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వేలాదిమంది, ముసలీ ముతకా, చంటిబిడ్డలూ. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మూలికల ముద్ద పెట్టి గొంతులో జారవిడుస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. ఉబ్బసాన్ని అది అదుపు చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. 'మందు' అన్న మాట వెళ్లి 'ప్రసాదం' అన్న మాట వచ్చింది. అక్కడ నిలబడ్డవాళ్ల మీద నాకు కోపం లేదు. ఊపిరాడని మనిషి దేన్నైనా పట్టుకుంటాడు. ప్రభుత్వం మీద కోపం. ఆ రోజున మత్స్యశాఖ చేప పిల్లల్ని అందిస్తుంది, పోలీసులు బారికేడ్లు కడతారు, బస్సులు వేస్తారు, మంత్రులొచ్చి ఏర్పాట్లు చూసుకుంటారు. ఇంత చేయగలిగినవాళ్లకు, ఇంతమంది ఊపిరాడనివాళ్లు ఉన్నారని తెలిసినట్టేగా! అదే బారికేడ్ల మధ్య అదే వరసలో ఒక్కొక్కరి చేతికి ఊపిరి వేగం కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి ఊదించి, "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగి, పేరు రాసుకుని, దగ్గరి ఆస్పత్రిలో రోజూ వాడే పంపు ఇచ్చేలా ఒక చీటీ చేతిలో పెట్టడానికి ఏం అడ్డొచ్చింది? ఒక్క రోజుకి వాళ్లు భక్తులు. మిగతా 364 రోజులూ వాళ్లెవరికీ ఏమీ కారు.

మా ఊళ్లో ఇంటింటికీ ఆరోగ్య కార్యకర్తలొస్తారు. మంచి పిల్లలు, ఎండలో తిరుగుతారు. మా అక్కకి బీపీ చూశారు, షుగర్ చూశారు. రెండూ బాగున్నాయమ్మా అని రాసుకుని వెళ్లారు. వాళ్ల ముందు కూర్చున్న మనిషి భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. వాళ్ల ఫోన్‌లో ఆ గడి లేదేమో, వాళ్ల తప్పు కాదు. నెల రోజుల్లో పగలు వారానికి రెండుసార్లకు మించి ఆయాసం వచ్చిందా, రాత్రి ఆయాసంతో మెలకువ వచ్చిందా, ఆయాసం తీర్చే పంపు వారానికి రెండుసార్లకు మించి వాడావా, పని చేసుకోలేకపోయావా. ఈ నాలుగు ప్రశ్నలకు పరికరం అక్కర్లేదు, నెత్తురు బొట్టు అక్కర్లేదు. చదువు రానివాళ్లు కూడా అడగొచ్చు, చదువు రానివాళ్లు కూడా చెప్పొచ్చు. ఒక్కదానికి అవునన్నా ఆ మనిషి జబ్బు పూర్తిగా అదుపులో లేనట్టే. మా అక్క నాలుగింటికీ అవుననేది. ముప్పై ఏళ్లుగా, ఏ రోజు అడిగినా.

మండలం ఆస్పత్రికి వెళ్లి బుడెసొనైడ్ పంపు ఉందా అని అడిగాను, ఆమె పోయాక. ఆయాసం బిళ్లలు ఉన్నాయన్నారు. పంపులు ఇండెంటు పెట్టాం, రాలేదన్నారు. ఎప్పుడు పెట్టారంటే ఫైలు చూడాలన్నారు. ఫైలున్న మనిషి సెలవు. మనిషి ఊపిరి పూర్తిగా ఆగే దాకా వస్తే వెంటిలేటర్‌కు పథకాలున్నాయి, కార్డులున్నాయి, కార్డు మీద ఫొటోలున్నాయి. ఆ దాకా రాకుండా ఆపే పంపుకి ఇండెంటు దగ్గరే ఆగిపోతారు.

డబ్బులేనితనం ఒక్కటే అనుకోకండి. నాతోపాటు పనిచేసే సైన్సు మాస్టారొకాయన చొక్కా జేబులో పంపు, ప్యాంటు జేబులో ఇంకోటి పెట్టుకుని తిరుగుతాడు. దోమల చుట్ట వెలిగించిన గదిలోనే పడుకుంటాడు. రోజూ వాడే మందు సంగతెత్తితే "నాకంత సీరియస్ కాదండీ" అంటాడు. ఊపిరితిత్తుల బొమ్మ బోర్డు మీద ఆయనకంటే అందంగా వేసేవాళ్లు మా బళ్లో లేరు.

మొన్న ఆదివారం బావ దగ్గరికి వెళ్లాను. మేనకోడలికి ఇరవై మూడు. తల్లి పోయాక ఇల్లూ పనీ తనే చూస్తోంది. ఈ సీజన్‌లో తనూ షెడ్డుకి వెళ్తోంది, తల్లి కూర్చున్న వరసలోనే. కాఫీ గ్లాసు ఇచ్చి పక్కకు తిరిగి దగ్గింది. ఆ దగ్గు చివర చిన్న కూత. నాకు తెలిసిన కూత. కిటికీలో దువ్వెన పక్కన పంపు ఉంది. తీసి చూశాను, తేలిగ్గా ఉంది.

"ఇదెప్పుడు కొన్నావమ్మా?"

"పండక్కి ముందు."

"రాత్రిళ్లు లేస్తున్నావా?"

"అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే? ఈ వారంలో ఎన్నిసార్లు?"

నా గొంతు పెద్దదైనట్టుంది. బావ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పిల్ల ఒకసారి తండ్రి వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"లెక్కపెట్టలేదు మావయ్యా."